మ్యాటు మీద తెల్ల గీత

సురేంద్రబాబును మా ఆత్మకూరులో అందరూ కరాటే మాస్టరనే పిలిచేవారు. కరాటే కాదు మొర్రో, ఇందులో తన్నడం గుద్దడం ఉండదు, కిందపడి పట్లు పట్టడమే ఉంటుందని అతను మొదట్లో ఓపిగ్గా చెప్పి చూశాడు. బ్రెజిలియన్ జుజిట్సు అని పెద్ద అక్షరాలతో బోర్డు కూడా రాయించాడు. బ్రెజిల్ అంటే ఫుట్‌బాల్ కదా అని ఒకాయన, ఆడపిల్లలు అట్లా కింద దొర్లడమేంటని ఇంకొకాయన. అతను క్లాసు నడిపిన పాత సండేస్కూల్ హాలు చర్చి వెనక ఉంది, సరిగ్గా మా ఇంటికి ఎదురుగా. హైస్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, నా నోరు ఊరుకోదు. మీ పిల్లలు పొద్దస్తమానం సెల్‌ఫోన్ పట్టుకుని మంచం మీద దొర్లితే లేని బాధ మ్యాటు మీద దొర్లితే వచ్చిందా అని వాళ్ళతో జగడం పెట్టుకున్నది నేనే.

అతనిది మర్రిపాడు. తండ్రి బద్వేలు రోడ్డు మీద లారీ నడిపేవాడు. చదువు అంతంతమాత్రం, కబడ్డీ మాత్రం ప్రాణం. జట్టులో మూలన నిలబడేవాడు. కూతకు వచ్చినవాడి మడమ చేతికి అందిందా, ఇక వదిలేది లేదు. అదే జట్టులో కూతకు వెళ్ళేవాడు సోమశిల మాల్యాద్రి. నలుగురు మీద పడ్డా, ఊపిరి పోతున్నా, చెయ్యి చాచి మధ్య గీత తాకి లేచేవాడు. గీత తాకితే కూత గెలిచినట్టే. చుట్టుపక్కల మండలాల్లో వీళ్ళిద్దరి ఆట చూడ్డానికి జనం ట్రాక్టర్లలో వచ్చేవారు.

కబడ్డీ కూడు పెట్టదు కదా. సురేంద్రబాబు బెంగళూరు పోయి ఒక భవనానికి వాచ్‌మన్‌గా చేరాడు. ఆ భవనం పై అంతస్తులో జుజిట్సు నేర్పేవారు. డ్యూటీ దిగాక తలుపు దగ్గర నిలబడి చూసేవాడు. చూసి చూసి ఒకరోజు ఆ కోచ్ లోపలికి రమ్మన్నాడు. పట్లు చప్పున వచ్చేశాయి, రానిది ఒక్కటే. ఎదుటివాడి పట్టు బిగిసినప్పుడు చేత్తో రెండుసార్లు తట్టాలి. తడితే ఓడినట్టు, వెంటనే వదిలేస్తారు. ఇతను తట్టేవాడు కాదు. ఒకసారి మెడ పట్టులో స్పృహ తప్పి పడిపోయాడు, ఇంకోసారి భుజం జారింది. చివరికి కోచ్ విసిగిపోయి, "ఓడిపోవడం రానివాడికి నేను ఇంకేమీ నేర్పను" అని గోడవారన కూర్చోబెట్టాడట. అప్పుడు నేర్చుకున్నాడు. ఏళ్ళు గడిచి ఊదారంగు బెల్టు కట్టుకున్నాక అదే కోచ్, "మీ వైపు ఇది చెప్పేవాడు లేడు, వెళ్ళి చెప్పు" అని పంపించాడు.

ఈ కథ అతను ప్రతి కొత్త బ్యాచ్‌కూ నవ్విస్తూ చెప్పేవాడు. స్పృహ తప్పి నాలుక వేలాడేసుకుని పడిపోయినట్టు నటించి చూపేవాడు. పిల్లలు పకపకా నవ్వేవారు. నవ్వారు కాబట్టి అర్థమైందని అనుకున్నాడు. బోలెడుమందికి పాఠాలు చెప్పినదాన్ని, నేనూ అట్లాగే అనుకున్నాను.

పెళ్ళీ పెటాకులూ లేవు. ఆ హాలే అతని ఇల్లు, అతని సంసారం. క్లాసుకు వచ్చినవాళ్ళలో ఎక్కువమంది కబడ్డీ ఆడే పిల్లలే. వాళ్ళలో లిఖిత మాల్యాద్రి కూతురు. ఇక్కడ ఇంటర్ చదువుతూ హాస్టల్లో ఉండేది. మాల్యాద్రి తనే వెంటబెట్టుకొచ్చి, "రేయ్ సురా, నా బిడ్డ ఇంక నీ బిడ్డేరా" అని అప్పగించి వెళ్ళాడు. నడక రాకముందే ఆ పిల్లకు కూత నేర్పినాడని ఆత్మకూరంతా చెప్పుకునేవారు.

హాలు చిన్నది. ఒక జంట దొర్లుతూ పోయి ఇంకో జంట మీద పడుతున్నారని సురేంద్రబాబు మ్యాట్ల మధ్యలో, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, ఒక తెల్ల టేపు అంటించాడు. ఇటు జంట ఇటే, అటు జంట అటే. మంచి ఆలోచనే అని నేనూ మెచ్చుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండిపోతుంది.

ఆ సాయంత్రం లిఖితతో తలపడింది అశ్విత. కబడ్డీలో ఇద్దరూ ఒకే జట్టు. లిఖిత కూతకు వెళ్ళేది, అశ్విత మూలన నిలబడి పట్టేది. అశ్విత వెల్లకిలా పడి లిఖిత కుడిచేతిని రెండు కాళ్ళ మధ్య బిగించి వెనక్కి లాగింది. ఎడమచెయ్యి ఖాళీగానే ఉంది. తడితే అయిపోయేది. కానీ ఆ పిల్ల కళ్ళకు తెల్ల గీత కనబడింది. ఎడమచెయ్యి చాచి, పళ్ళు బిగబట్టి, గీత వైపు పాకింది. గీత వైపు పోతున్న చేతిని చూసి అశ్విత, కబడ్డీలో మూలన పట్టేవాళ్ళు ఎవరైనా చేసేదే చేసింది. ఇంకా బలంగా లాగింది. ఎవరో చిన్నపిల్లకు బెల్టు కడుతున్న సురేంద్రబాబు తల తిప్పి "వదులూ" అని అరిచేసరికే మోచెయ్యి పోయింది. ఆ అరుపు మా వసారాలోకి వినబడింది.

నేను పరుగెత్తుకెళ్ళేసరికి లిఖిత ఏడవడం లేదు. వేలికొస టేపు మీదే ఉంది. "గీత తాకినాను గదా సార్" అంటోంది.

నెల్లూరు ఆసుపత్రిలో ఎముక కూర్చోబెట్టారు, తెగిన నరాలకు కుట్లు వేశారు. చెయ్యి మళ్ళీ పూర్తిగా చాపగలదని మాత్రం డాక్టరు మాట ఇవ్వలేదు. అశ్విత ఆటే మానేసింది. మిగతా పిల్లల్ని తల్లిదండ్రులు ఒక్కొక్కరే లాక్కుపోయారు. చర్చి సంఘపెద్ద సామ్యేలు వచ్చి నిలబడే మాట్లాడాడు.

"దేవుని హాలు పిల్లల చేతులు ఇరిచేదానికి ఇయ్యలేదు సురేంద్రా. ఆ బిడ్డ నాయన వచ్చి నాకు అభ్యంతరం లేదంటే ఉండు. లేదంటే ఆదివారం ఆరాధన అయినాక తాళాలు ఇచ్చెయ్."

పెద్దాయన మాటలో తప్పు లేదు. తప్పు లేని మాటకు ఎదురు చెప్పలేక నాకు ఇంకా మంట. సురేంద్రబాబు అన్నం ముట్టలేదు. ఖాళీ మ్యాట్ల మీద గోడవారన కూర్చుని ఉండేవాడు, ఒకప్పుడు అతన్ని కోచ్ కూర్చోబెట్టినట్టే. "ఇది పోతే నాకింకేం చేతగాదు టీచరమ్మా, బతికేం చేసేది" అన్నాడు. ఆ మాటకు నాకు భయం వేసింది. మాల్యాద్రి దగ్గరికి వెళ్దాం పద అని నేనే బస్సెక్కించాను.

సోమశిలలో మాల్యాద్రి రేకుల పంచ కింద కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. లిఖిత గడప మీద కూర్చుని ఉంది, చేతికి కట్టు, మెడలో గుడ్డ. మమ్మల్ని చూసి అతను లేవలేదు, రమ్మనలేదు. సురేంద్రబాబు నోరు తెరవబోతే చెయ్యెత్తి ఆపాడు.

"ఏందేందో అంటా ఉండారు జనం. నువ్వేం చెప్పబాక. నా బిడ్డ చెయ్యి ఎట్లా పోయిందో అట్లా నాకు పట్టి చూపీ."

"వద్దన్నా. నా వల్ల కాదు."

"నా బిడ్డ ఓర్చుకుండాది. నాకేం, చూపీ."

వల పక్కకు తోసి, చాప పరిచి పడుకున్నాడు. సురేంద్రబాబు నా వైపు చూశాడు. అతను మాల్యాద్రి కుడిచెయ్యి తీసుకుని, కాళ్ళ మధ్య ఇరికించి, "నొప్పి అనంగానే నన్ను తట్టన్నా, వదిలేస్తా" అన్నాడు. మాల్యాద్రి సరేనన్నాడు. సురేంద్రబాబు మెల్లగా, చాలా మెల్లగా వెనక్కి వంగాడు.

మాల్యాద్రి మెడ నరాలు ఉబ్బాయి. నేను అతని ఎడమచేతినే చూస్తున్నాను. అది సురేంద్రబాబు మీదికి పోలేదు. చాప దాటింది, మట్టిలోకి పోయింది, వేళ్ళు చాచుకుంటూ ముందుకు పాకింది. అక్కడ ఏ గీతా లేదు. అయినా పాకుతూనే ఉంది.

"తట్టు నాయనా! తట్టు!" అని లిఖిత గడప మీద నుంచి కేక పెట్టింది.

సురేంద్రబాబు ఎప్పుడో వదిలేశాడు. మాల్యాద్రికి అది తెలియలేదు. చెయ్యి ఇంకా మట్టిలో వెతుకుతూనే ఉంది. కాసేపటికి ఆగింది. అతను లేచి కూర్చుని మట్టి అంటిన వేళ్ళను చూసుకున్నాడు. తర్వాత కూతుర్ని చూశాడు.

"ప్రాణం పోయినా గీత తాకాలమ్మా అని చెప్పింది నేనేరా సురా" అన్నాడు. అని, ఆడపిల్ల ముందు ఏడవకూడదనుకున్నాడేమో, వలలో ముఖం దాచుకున్నాడు. నేనూ ఏడ్చాను, సిగ్గేముంది.

అడగాల్సిన ఒక్క మాట అడక్కుండానే సురేంద్రబాబు లేచాడు. బస్సులో నేను ఊరుకోలేదు. "ఒక్క మాట అంటే వచ్చేవాడు కదయ్యా! నోరు పడిపోయిందా?"

"ఎట్లా అడిగేది టీచరమ్మా? ఆయన చేతిని ఆయనకే చూపించి, దాని మీద నా హాలు తెచ్చుకునేదా? టేపు అంటించింది నేను గదా."

ఆదివారం ఆరాధన అయ్యాక సామ్యేలు చేతిలో తాళాలు పెట్టేశాడు. మ్యాట్లు చుట్టి మా వసారాలో పడేశాడు. టేపు మాత్రం గోటితో గీకి గీకి పీకేశాడు. ఇప్పుడు పెట్రోలు బంకులో పనిచేస్తున్నాడు. బోర్డు దించేసి అక్కడ కుట్టుమిషన్ల శిక్షణ అని రాశారు.

కట్టు విప్పాక డాక్టరు కసరత్తు చెప్పాడు. చేయించడానికి సోమశిలలో ఎవరున్నారు? పొద్దున బస్సుకు సురేంద్రబాబే వెళ్తాడు. వంకర తిరిగి బిగుసుకుపోయిన ఆ మోచేతిని నూనె రాసి కొద్దికొద్దిగా చాపుతాడు. నొప్పి అనిపిస్తే తట్టమ్మా అంటాడు. ఆ పిల్ల పళ్ళు బిగబడుతుంది, కళ్ళ నీళ్ళు కారుస్తుంది, తట్టదు. మొహం చూసి అతనే వదిలేయాలి. మాల్యాద్రి వల పట్టుకుని చూస్తూ ఉంటాడు. ఎన్నాళ్ళు వెళ్ళినా అంతే. ఈ పిల్లకు రాదు టీచరమ్మా, నాకు చెప్పడం రాలేదు అని నా దగ్గర వాపోయేవాడు.

మొన్న నేనూ వెళ్ళాను. అతను మోచేతిని చాపుతున్నాడు. లిఖిత కళ్ళు మూసుకుంది. ఎడమచెయ్యి కాస్త లేచి, గాలిలో ఆగి, అతని మోకాలి మీద రెండుసార్లు పడింది. సురేంద్రబాబు తటాలున వదిలేశాడు. వదిలేసి అక్కడే తల దించుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఆ పిల్ల బెదిరిపోయింది. "ఏమైంది సార్? తట్టినాను గదా" అంది.