నా పేరు చెక్కిన స్టీలు డబ్బా

పోయిన ఆదివారం మధ్యాహ్నం అన్నాలు తిని గిన్నెలు సర్దుతుంటే, ఒకప్పుడు నేను చూసుకున్న పిల్ల దగ్గర్నించి మెసేజ్ వచ్చింది. రాసింది కాదు, మాట్లాడి పంపించింది. నాకు ఇంగ్లీషు చదవడం రాదని దానికి చిన్నప్పట్నించీ తెలుసు. "ఆంటీ, నెక్స్ట్ మంత్ నేను బెంటన్‌విల్ మీదుగా డ్రైవ్ చేస్తున్నా. మీ ఇంటికి వస్తా. చేగోడీ ఎక్కడుందో నాకు చూపించు, ఓకే? ఒక రాయి పెయింట్ చేశాను, అక్కడ పెడతా" అంది. ఎంత పెద్దదైనా గొంతు మాత్రం అదే, నోట్లో చాక్లెట్ పెట్టుకుని తెలుగు మాట్లాడినట్టు. మూడుసార్లు విన్నాను. తర్వాత గరాజ్‌లోకి వెళ్ళి, పై అరలో పాత దుప్పట్ల వెనక దాచిన స్టీలు డబ్బా ఉందా లేదా అని చూసి, ఉందని తెలిసి, ముట్టుకోకుండా తలుపేసి వచ్చేశాను.

చేగోడీ అంటే తినేది కాదండీ, పాము. నేను పెంచిన పాము. ఐదో క్లాసు దాకా చదివినదాన్ని, ఇలా కూర్చుని కాగితాల మీద రాయడం ఇదే మొదలు. నా ఈడు వాళ్ళు తప్పులు సర్దుకుని చదువుతారని రాస్తున్నాను. ఆ పిల్లకి చెప్పాల్సిన మాట ఒకటి పన్నెండేళ్ళుగా నా గొంతులోనే ఉండిపోయింది.

అప్పట్లో మా ఆయన ఇక్కడ అమెరికాలో, ఈ బెంటన్‌విల్‌లోనే, ఓ హోటల్లో దోసెలు పోసేవాడు, నేను ఇంట్లో పిల్లల్ని చూసుకునేదాన్ని. మన వాళ్ళంతా ఆ పెద్ద షాపుల కంపెనీలో కాంట్రాక్టు ఉద్యోగాలు, భార్యాభర్తలిద్దరూ పొద్దున్నే కార్లలో వెళ్ళిపోయేవాళ్ళు, పిల్లలు స్కూల్ బస్ దిగి మా ఇంటికొచ్చేవాళ్ళు. ఏడెనిమిది మంది ఉండేవాళ్ళు. మాకు పిల్లలు లేరు, అందుకని సాయంత్రం ఆ గోల మొదలయ్యేదాకా నాకు ఇల్లు ఇల్లులా ఉండేది కాదు. వాళ్ళకని చేగోడీలు వేయించి పెట్టేదాన్ని. అందరికంటే ఈ పిల్లే ఎక్కువ తినేది, రెండు చేతుల వేళ్ళకీ ఉంగరాల్లా తొడుక్కుని ఒక్కొక్కటీ కొరికేది.

దానికి తొమ్మిదో పుట్టినరోజుకి కుక్క కావాలంటే వాళ్ళ నాన్న కుక్క వల్ల కాదన్నాడట, చివరికి బేరం పాము దగ్గర తెగింది. ఈ దేశంలో పిల్లలకి పాములు అమ్ముతారని నాకు అప్పుడే తెలిసింది. మూరెడు పొడవు, ఇసక రంగు మీద గోధుమ మచ్చలు, ముక్కు మాత్రం పందిపిల్ల ముక్కులా పైకి లేచి ఉండేది, ఆ ముక్కుతోనే ఇసక తవ్వుకుని దూరేది. చుట్ట చుట్టుకుంటే అచ్చం నా చేగోడీలా ఉందని దానికి ఆ పేరు పెట్టింది. విషం ఉందంటే ఉంది, లేదంటే లేదు. వెనక పళ్ళలో కాస్త ఉంటుందట, కరిస్తే కందిరీగ కుట్టినట్టు వాస్తుందట, మనిషి మాత్రం చావడట, ఇదంతా డాక్టరమ్మలాగా నాకు చెప్పేది. కోపం వస్తే మాత్రం మెడ వెడల్పు చేసి, నాగుపాములాగే పడగ విప్పి బుస్సుమనేది. మొదటిసారి చూసి నేను చేతులు జోడించేశాను. ఆ పిల్ల పడీ పడీ నవ్వింది. "ఆంటీ, అంతా యాక్టింగ్! షీ ఈజ్ ఎ డ్రామా క్వీన్" అంది. ఇంకా ఏమేం నాటకాలు ఆడుతుందో నేను అడగలేదు. అడగాల్సింది.

మరుసటి ఏడు వేసవిలో వాళ్ళ నాన్నకి ప్రాజెక్ట్ అయిపోయింది. వీసా రోజులు లెక్కపెట్టుకుంటూ తిరిగి తిరిగి ఎక్కడో కాలిఫోర్నియాలో, శాంటా క్లారాలో ఉద్యోగం తెచ్చుకున్నాడు. ఇల్లు దొరికేదాకా స్నేహితుడి అపార్ట్‌మెంట్‌లో ఉండాలి, ఆ స్నేహితుడి భార్యేమో పాము గడప దాటితే తను పుట్టింటికి పోతానందట. అమ్మేద్దామంటే ఆ పిల్ల రెండు రోజులు అన్నం ముట్టలేదు. చివరికి నా దగ్గరికే వచ్చారు. గాజు పెట్టె, ఎర్ర బల్బు, అన్నీ మా హాల్లో ఓ మూల సర్దిపెట్టి, ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని, "నేను వచ్చేదాకా తనని చూసుకుంటావా ఆంటీ? ప్రామిస్?" అంది. ఒట్టు అన్నాను. తల మీద చెయ్యి పెట్టి మరీ అన్నాను.

బాగానే చూసుకున్నాను, ఆ మాట మాత్రం ధైర్యంగా రాయగలను. వారానికోసారి దానికి చచ్చిన చిట్టెలుక పిల్ల పెట్టాలి, అవి గడ్డకట్టి పొట్లాల్లో వస్తాయి. గరాజ్‌లో వాటికి వేరే చిన్న ఫ్రిజ్ పెట్టించాను. వేడినీళ్ళలో ఊరేసి, పట్టకారుతో పట్టుకుని, మొహం అటు తిప్పుకుని అందించేదాన్ని. మా ఆయన హోటల్ నించి రాగానే "మా అత్తగారు భోంచేశారా?" అని అడిగేవాడు. బుస కొడితే "చూడు, అచ్చం మీ అమ్మే" అనేవాడు. రానురాను భయం పోయింది. మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు దాన్ని ఒళ్ళో వేసుకుని టీవీ చూసేదాన్ని. చల్లగా, బరువు లేకుండా, వేళ్ళ సందుల్లోంచి పాకేది. ప్రతి ఆదివారం ఆ పిల్ల వీడియో కాల్ చేసేది, నేను ఫోన్ గాజుకి ఆనించి పట్టుకుంటే ఆ పిల్లా పామూ ఏవో మాట్లాడేసుకునేవి.

కానీ పాము ఉందని తెలిసి మిగతా తల్లులు పిల్లల్ని పంపడం మానేశారు. వాళ్ళనీ అనలేను. "అక్కా, మా వాడు నీ దగ్గరుంటే మేం ఆఫీస్‌లో ఎలా కూర్చోగలం చెప్పు? అది ఉండాలా, మా పిల్లలుండాలా?" అని ఒకావిడ మొహం మీదే అడిగింది. ఒట్టు వేశానమ్మా అన్నాను. ఒక్కొక్కళ్ళే తగ్గిపోయి దసరా నాటికి ఇద్దరు మిగిలారు. సాయంత్రాలు ఇల్లు బావురుమనేది.

ఇంతలో నాగుల చవితి వచ్చింది. ఇక్కడ అప్పుడు గుడి లేదు, పుట్ట అసలే లేదు. ప్రతి ఏడూ ఎవరింట్లోనో వెండి నాగపడగ పెట్టుకుని పాలు పోసేవాళ్ళం. ఆ ఏడు మాత్రం నాతో అలా అన్న ఆవిడే ఫోన్ చేసింది. "అక్కా, మా అత్తగారు ఇండియా నించి వచ్చారు. సాక్షాత్తూ నాగేంద్రుణ్ణి ఇంట్లో పెట్టుకుని వెండి బొమ్మకి పాలు పోస్తారేమిటే అంటున్నారు. మేమంతా మీ ఇంటికే వస్తాం." అది నాగుపాము కాదమ్మా అని చెప్పాలి కదా. చెప్పలేదు. వీళ్ళు వస్తే, ఓసారి దణ్ణం పెట్టుకుంటే, భయం పోతుంది, పిల్లలు మళ్ళీ నా దగ్గరికొస్తారు అని ఆశపడ్డాను. నా ఇల్లు నిండుతుందని దాన్ని వాళ్ళ ముందు పెట్టాను.

పట్టుచీరలు కట్టుకుని తొమ్మిది మంది వచ్చారు. చిమ్మిలి, చలిమిడి, పాలు, గంట, హారతి. మూత తీయించారు. దాని మీద పసుపు, కుంకుమ జల్లారు, పాలు చుక్కలు చుక్కలుగా పోశారు, గంట వాయించారు. అది పడగ విప్పి బుస కొట్టింది. "చూశారా, ప్రసన్నమయ్యాడు స్వామి" అని ఆ పెద్దావిడ చెంపలు వేసుకుంది. ఇంకా గట్టిగా గంట వాయించారు. ఉన్నట్టుండి అది గిలగిల కొట్టుకుని, మెలికలు తిరిగిపోయి, వెల్లకిలా పడిపోయింది. నోరు తెరుచుకుంది, నాలిక బయటికి వేలాడింది. అంతలోనే కుళ్ళు వాసన కూడా వచ్చేసింది.

నేను రెండు చేతులతో దాన్ని తీసి బోర్లా తిప్పాను. మళ్ళీ వెల్లకిలా తిరిగిపోయింది. ఇంకోసారి తిప్పాను. మళ్ళీ తిరిగింది. పెద్దావిడ నా చెయ్యి పట్టుకుంది. "తిప్పకమ్మా. పోయే ప్రాణం ఆకాశం వంక చూస్తుంది. పొద్దు కుంకక ముందే కర్మ చెయ్యాలి, లేకపోతే మన పిల్లల కడుపులకి చుట్టుకుంటుంది" అంది.

మన ఊళ్ళల్లో చచ్చిన నాగుపామునైతే పాలు, నెయ్యి పోసి, నోట్లో నాణెం పెట్టి, మనిషికి చేసినట్టే దహనం చేస్తారు, మీకూ తెలిసే ఉంటుంది. ఇక్కడ పెరట్లో పొగ లేస్తే ఫైర్ ఇంజిన్ వచ్చేస్తుందని మా ఆయన పూడ్చిపెట్టమన్నాడు. రకూన్లని పిల్లుల్లాంటి జంతువులు రాత్రిళ్ళు వచ్చి తవ్వేస్తాయని నాకు భయం. అందుకని నా దగ్గరున్న వాటిలో మంచిదేదో అది తెచ్చాను. పెళ్ళప్పుడు మా అమ్మ కొని, దుకాణంలో కూర్చుని చుక్కలు చుక్కలుగా నా పేరు చెక్కించి ఇచ్చిన స్టీలు డబ్బా. కొత్త జాకెట్ గుడ్డ పరిచి, దాన్ని వెల్లకిలాగానే పడుకోబెట్టి, పసుపు రాసి, కాసిని పాలు పోసి, మూత పెట్టి అరచేత్తో గట్టిగా కొట్టి బిగించాను. ఆ పిల్ల స్కూల్లో ఉంటుంది, ఇప్పుడు చెబితే ఏడుస్తుంది, ఆదివారం నెమ్మదిగా చెబుదాంలే అనుకున్నాను. చలికాలం మొదలైంది, మన్ను మంచుగడ్డలా ఉంది. కంచె పక్కన మా ఆయన గుంట తవ్వాడు.

ఆదివారం ఫోన్లో చెప్పాను. ఏడవలేదు. అన్నీ అడిగింది, ఎలా పడింది, నోరు తెరిచిందా, వాసన వచ్చిందా అని. నేను అవును అన్నకొద్దీ దాని మొహం పాలిపోయింది. "ఆంటీ, నువ్వు తనని తిప్పావా?" అంది. రెండుసార్లు తిప్పాను తల్లీ, మళ్ళీ వెల్లకిలా తిరిగిపోయింది అన్నాను. అప్పుడు చిన్న గొంతుతో, "చచ్చిపోతే తిరగదు ఆంటీ. భయమేస్తే అలా యాక్ట్ చేస్తుంది. అందరూ వెళ్ళిపోతే లేస్తుంది" అంది. "వెళ్ళి చూడు, ప్లీజ్. నేను వెయిట్ చేస్తా. తను ఇంకా వెల్లకిలా ఉంటే నిజంగా చచ్చిపోయినట్టు."

ఫోన్ వంటింటి గట్టు మీద పెట్టి వెళ్ళాను. మా ఆయన తవ్వాడు, నేను మూత తీశాను. అది బోర్లా ఉంది. గుడ్డ అంతా ఓ పక్కకి తోసేసి ఉంది, పాలు విరిగిపోయి ఉన్నాయి. తల పైకెత్తి ముక్కు మూత అంచుకి ఆనించి బిగుసుకుపోయింది, ఇసక తవ్వుకునే ఆ ముక్కు మీద తోలు లేచిపోయి తెల్లగా ఉంది. మా ఆయన పార అక్కడే వదిలేసి లోపలికెళ్ళిపోయాడు.

నేను చేతులు కడుక్కోకుండానే ఫోన్ తీసుకున్నాను. ఆ పిల్ల అలాగే కూర్చుని ఉంది. "చెప్పు ఆంటీ" అంది. ఎలా పెట్టానో అలాగే వెల్లకిలా ఉంది తల్లీ అన్నాను. ఆ పిల్ల గట్టిగా ఊపిరి వదిలింది. "అయితే నిజంగానే చచ్చిపోయింది. నీ తప్పు కాదు ఆంటీ, ఏడవకు" అని, పదేళ్ళ పిల్ల, నన్ను ఓదార్చింది.

దాన్ని మళ్ళీ మట్టిలోనే పెట్టాను, ఈసారి గుడ్డ ఒక్కటే చుట్టాను. డబ్బా తోమాను, పారెయ్యలేకపోయాను, మళ్ళీ అందులో ఏమీ పోయలేకపోయాను. చేగోడీలు వేయించడం ఆ రోజుతో మానేశాను. ఎందుకు మానేశావని మా ఆయన ఇప్పటిదాకా ఒక్కసారి అడగలేదు. పాము పోయింది కాబట్టి పిల్లలు మళ్ళీ వచ్చారు. ఇల్లు నిండింది. ఒక్కొక్కళ్ళూ బస్ దిగి లోపలికి వస్తుంటే నాకు మూత బిగించిన చప్పుడు వినిపించేది.

ఇప్పుడు బెంటన్‌విల్‌లో గుడి ఉంది, చవితికి సిమెంటుతో కట్టిన పుట్ట ఉంది, క్యూలో నిలబడి పాలు పోసి వస్తారు. నేను వెళ్ళను. మన వాళ్ళిళ్ళల్లోనే బల్లుల్నీ, తాబేళ్ళనీ, పాముల్నీ పెంచుతున్నారు, ఏ పాము ఏం చేస్తుందో పిల్లలు ఫోన్లో వీడియో చూపిస్తున్నారు. అన్నీ తెలిసిపోతున్నాయి. ఆ రోజు నేను ఆ పిల్లకి ఒక్క ఫోన్ చేసి అడగలేదు. ఆ పిల్ల ఇప్పుడు జంతువుల డాక్టరు చదువు చదువుతోంది. ప్రతి పుట్టినరోజుకీ నాకు ఫోన్ చేస్తుంది, నువ్వు తనని ఎంత బాగా చూసుకున్నావో నేను మర్చిపోను ఆంటీ అంటుంది. తిడితే బాగుండేది.

వచ్చే నెల వస్తుంది. కంచె పక్కకి తీసుకెళ్ళి చోటు చూపిస్తాను, అది రాయి పెడుతుంది, నన్ను వాటేసుకుంటుంది. నాకు నోరు రాదు, పన్నెండేళ్ళుగా రానిది అప్పుడు మాత్రం ఎలా వస్తుంది. అందుకే ఉన్నదున్నట్టు ఇక్కడ రాశాను. కానీ నాకొచ్చిన అక్షరాలు ఇవే, ఆ పిల్లకి తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు.