చిన్నీగ తేనె

మహానంది దారిలో తేనె అమ్మే నాగలక్ష్మమ్మ, బేరం రాగానే కడవలోంచి ఒక చుక్క మణికట్టు మీద వేసుకుని నాకుతుంది. కళ్లు మూసుకుని కాసేపు ఆగి, "చిన్నీగ తేనెప్పా, చెట్టు తొర్రలోది" అంటుంది. ఆ మాట మీదే జనం కొంటారు. కర్నూలులో చదువుకునే హర్షిణి ఒక సీసా తీసుకుపోయి, డీఎన్ఏ పరీక్ష చేసి, కొన్నాళ్లకు మళ్లీ వచ్చింది.

"పెద్దమ్మా, ఇందులో చిన్నీగతో పాటు కొండల్లో ఉండే పెద్దీగ ఆనవాలు కూడా ఉంది."

నాగలక్ష్మమ్మ మొహం చిన్నబోయింది. అడవి నుంచి తెచ్చిచ్చే తమ్ముడు రెండు రకాల తేనెపట్టులూ ఒకే డబ్బాలో పిండుంటాడు. అయినా అడగకుండా ఉండలేకపోయింది.

"తేనెలో ఈగ లేదు కదమ్మా, యాడ కనపడింది నీకు?"

"తేనె చేసేటప్పుడు ఈగ ఒంటి నుంచి కంటికి ఆననంత అందులో మిగిలిపోతుంది. పరీక్షలో అదే దొరుకుతుంది."

ఆమె సీసాను ఎండకెత్తి శానాసేపు తిప్పి తిప్పి చూసింది. అంతలో కారు దిగిన ఒకాయన, "చిన్నీగదేనా?" అని అడిగాడు.

"రెండీగలదీ కలిసుండాదప్పా. నా నాలిక్కి తెలీలే, ఈ పాప చెప్పింది."

ఆయన ఏమీ కొనకుండానే వెళ్లిపోయాడు. నాగలక్ష్మమ్మ అటు చూడలేదు. ఇంకో కడవ మూత తీసి, సీసా నింపి హర్షిణి చేతికిచ్చింది.

"ఇది ఏ ఈగదో కూడా చూసి చెప్పు తల్లీ."