జంతికల కంపెనీకి డైరెక్టరు

డైరీలో నేను ఆవేశాలు రాయను. వచ్చినవాళ్ళు, వెళ్ళిన చోట్లు, వేసుకున్న మందులు, వాన పడితే వాన. ఉద్యోగంలో చేరిన ఏడాది పట్టిన అలవాటు, పింఛను తీసుకుంటున్నా పోలేదు. అలాంటిది కిందటి వేసవిలో ఒక పేజీలో తేదీ కింద ‘రోత’ అని ఒక్క మాట రాసి మూసేశాను. అది ఎందుకు రాశానో చెప్పాలంటే జంతికల దగ్గర మొదలుపెట్టాలి.

నా చెల్లెలి కూతురిది పాతపట్నంలో కాపురం. మా వైపు రాగుల్ని చోళ్ళు అంటాం. ఆ చోడిపిండితో జంతికలు వండడంలో దాని చేతికి మంచి పేరు. ముందు వీధిలో పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ చేసిపెట్టేది. తరవాత ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ముగ్గురు తోడయ్యారు. పెరటి వంటపాకలో రెండు పొయ్యిలు లేచాయి. పర్లాకిమిడి బజారులో ఒక దుకాణదారు రుచి చూసి, వారం వారం పంపమన్నాడు. కొన్నాళ్ళకి, ‘పద్ధతిగా బిల్లు రాసి ఇస్తే ఇంతకు రెట్టింపు తీసుకుంటాను’ అన్నాడు. అంటే వ్యాపారాన్ని నమోదు చేయించాలి.

“నా పేరున ఉండాల మావయ్యా,” అంది మేనకోడలు ఫోనులో. “సేస్తన్నది నేను గదా. జంతికలొత్తే మిషను కూడా నా పేరునే కొంటాను. గొట్టం నొక్కీ నొక్కీ కుడి భుజం ఎత్తలేకపోతన్నాను.”

మిషను కోసం అది విడిగా కూడబెట్టుకుంటోంది. అడిగినదాంట్లో గొంతెమ్మ కోరిక ఏమీ లేదు. నేను పనిచేసింది వాణిజ్య పన్నుల ఆఫీసులో. అందుకని, ఇంట్లో మగవాళ్ళని నా దగ్గరికి పంపమన్నాను.

వచ్చారు. భర్త మెతక మనిషి, సరుకు ఆటోలో వేసి దింపి వస్తాడు. అతని అన్నగారు వేరే రకం. చిన్న చిన్న కాంట్రాక్టు పనులు చేస్తాడు. ఏ నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ చూసినా కింది వరసలో చేతులు జోడించి ఉంటాడు. కుర్చీలో కూర్చోకముందే చెప్పేశాడు.

“ప్రైవేట్ లిమిటెడ్ పెడతన్నాం మావా. నేను, తమ్ముడు డైరెక్టర్లం.”

“మరి అమ్మాయి?”

“ఆవిడికి వంటపని ఉండనే ఉన్నాది గదా.”

సలహాకి వచ్చినవాడు నిర్ణయం చేసుకుని వస్తే నాకు చిర్రెత్తుకొస్తుంది. అయినా ఓపిగ్గా చెప్పాను. కంపెనీ అంటే వ్యాపారం జరిగినా జరగకపోయినా ఏటేటా ఆడిట్ చేయించాలి, కాగితాలు దాఖలు చెయ్యాలి, మరిస్తే జరిమానా. నలుగురు ఆడవాళ్ళు రెండు పొయ్యిల మీద చేసే పనికి అది అక్కర్లేదు. భాగస్వామ్య సంస్థ అయితే లాభంలో మొదటి రూపాయి నుంచే ఆదాయపు పన్ను. అదే అమ్మాయి పేరున సొంత వ్యాపారంగా పెడితే, వచ్చే కొద్దిపాటి లాభం ఆమె ఆదాయం కిందికి వస్తుంది, దానికి ఇప్పుడు పన్నే ఉండదు.

అంతా విని అతను అడిగిన ప్రశ్న ఇది:

“సొంత యాపారమంటే కిరాణా కొట్టోడిలాగేటి? మరి పేరు కింద ఏటి రాసుకోవాల?”

నాకు మొదట అర్థం కాలేదు. పెళ్ళి శుభలేఖలో, ఫ్లెక్సీలో, పేరు కింద ఏమిటి రాసుకోవాలని అడుగుతున్నాడు. జంతికల కంపెనీకి డైరెక్టరు కావాలన్నది అతని మనసులో మాట. ఎక్కడో అరిసెల కంపెనీకి ఛైర్మన్ కూడా ఉండే ఉంటాడు.

“ఏమీ రాసుకోనక్కర్లేదు. పని జరిగితే చాలు,” అన్నాను. బిల్లులు ఎవరు రాస్తారు, సరుకు ఎవరెవరికి పోతోంది, బాకీ పడితే ఎవరు పూచీ అని ఒక్కొక్కటే మొదలుపెట్టాను. అతను తమ్ముడి చెవి దగ్గరికి వంగి, నాకు వినబడేటట్టే అన్నాడు.

“మావ ఇంకా ఆఫీసులోనే ఉన్నాడ్రా. రిటైరవనేదు.”

టీ తాగి లేచారు. రాష్ట్రం దాటే సరుకు సంగతి నేనింకా ఎత్తనేలేదు.

ఆ తరవాత జరిగింది, అంతా బయటపడ్డాక, భర్త నాకు నవ్వుతూ చెప్పాడు. ఆ నవ్వు చూసే నాకు ఒళ్ళు మండింది. శ్రీకాకుళంలో ఒక జిరాక్సు షాపు వెనక గదిలో కన్సల్టెంటు ఉంటాడు. పాన్ కార్డుల నుంచి పెళ్ళి రిజిస్ట్రేషను దాకా అన్నీ అక్కడే అవుతాయి. కంపెనీ ఖర్చు విని అన్నగారు వెనక్కి తగ్గాడు. “అయితే పార్టనర్‌షిప్ చేసేద్దాం, మీరు మేనేజింగ్ పార్టనర్,” అన్నాడట కన్సల్టెంటు. ఆ రెండు మాటలూ చాలు, అతని మొహం వెలిగిపోయింది. దస్తావేజు రాయించారు. పెత్తనం, బ్యాంకు సంతకం అన్నగారివి. మేనకోడలు మూడో భాగస్వామి.

పన్ను నమోదులో కన్సల్టెంటు, “బయటి రాష్ట్రానికి సరుకు పంపుతారా?” అని అడిగాడు.

“నేదు నేదు,” అన్నారు అన్నదమ్ములిద్దరూ. “మాదంతా పర్లాకిమిడి వరకే.”

అబద్ధం ఆడామని వాళ్ళకి తెలియను కూడా తెలియదు. పాతపట్నం వాళ్ళకి పర్లాకిమిడి పక్క వీధి. బట్టలకి అక్కడికే, డాక్టరుకి అక్కడికే, పిల్లనిచ్చినా తెచ్చుకున్నా అక్కడే. మధ్యలో ఆంధ్రా ఆగిపోయి ఒడిశా మొదలవుతుందన్న సంగతి బస్సు బోర్డు మీద అక్షరాలు మారితే తప్ప ఎవరికీ తట్టదు. కన్సల్టెంటుదీ ఈ జిల్లాయే. అతనికీ తట్టలేదు. కంపోజిషన్ పద్ధతి అని ఒక టిక్కు పెట్టాడు. అందులో అమ్మకాల మీద కొద్దిపాటి పన్ను కడితే చాలు, లెక్కల బెడద తక్కువ. కాని సరుకు రాష్ట్రం దాటకూడదు, బిల్లులో పన్ను వేసి కొన్నవాడి దగ్గర వసూలు చెయ్యకూడదు. ఫీజు తీసుకున్నవాడికి ఆ రెండు ముక్కలూ చెప్పడానికి నోరు రాలేదు.

మేనకోడలి సంతకం ఎలా తీసుకున్నారంటే, అది పిండి కలుపుతూంటే పొయ్యి పక్కన పీట మీద కాగితాలు పెట్టారు. ‘మావయ్యకి చూపించారా’ అని అడిగితే ‘ఆయనే సెప్పాడు’ అన్నారు. చేతులు కొంగుకి తుడుచుకుని పెట్టేసింది.

రెండు నెలలు కాకుండానే పర్లాకిమిడి దుకాణం నుంచి సరుకు తిరిగి వచ్చింది. మేనకోడలు ఏడుపు గొంతుతో ఫోను చేసింది. నేను బస్సెక్కి వెళ్ళి, దాన్ని వెంటబెట్టుకుని ఆ దుకాణానికి పోయాను. పెద్దమనిషి మర్యాదగానే కుర్చీలు వేయించాడు.

“అమ్మా, నీ జంతికలకి పేరు పెట్టడానికి నేదు. ఈ బిల్లుతో నేనేటి సేసుకోవాల? పన్ను రాయనేదు, నేను కట్టేదాంట్లో తగ్గించుకోడానికి నేదు. పైన సూడు, కంపోజిషన్ అని మీరే అచ్చేసుకున్నారు. అంటే మీరు బోర్డరు దాటకూడదు. దాటేరని నా కాయితాల్లో కూడా ఉంటాది. నాకెందుకమ్మా ఈ తలనొప్పి?”

బిల్లు అడిగినవాడు ఒక్కడే. ఆ ఒక్కడికీ పనికిరాని బిల్లు పుట్టించడానికి ఇంత హడావుడి చేశారు.

ఆ సాయంత్రం అన్నగారి ముందుగదిలో కూర్చున్నాం. గోడకి సంస్థ పేరుతో నిలువెత్తు ఫ్లెక్సీ. అందులో అతను చేతులు జోడించి ఉన్నాడు, జంతికలు ఒక మూల చిన్నగా ఉన్నాయి. బల్ల మీద రబ్బరు స్టాంపు.

“పర్లాకిమిడి పరాయి రాష్ట్రం ఎప్పుడయ్యింది మావా? మా అమ్మది ఆ ఊరే గదా!”

“మీ మేనమామ ఓటు ఎక్కడ వేస్తాడు?”

“పర్లాకిమిడిలోనే.”

“మన ఎమ్మెల్యేకా?”

తమ్ముడు కిసుక్కున నవ్వాడు. “నువ్వుండ్రా ఎదవా,” అని అన్నగారు గసిరాడు. తరవాత కుర్చీ ముందుకు జరుపుకుని తన ఉపాయం చెప్పాడు. పాతపట్నంలో తమకి వరసైనవాడి కిరాణా కొట్టు ఉంది. బిల్లులు అతని పేరున రాస్తే సరుకు ఊళ్ళోనే అమ్మినట్టు ఉంటుంది. సంచులు మాత్రం మనుషుల చేత బస్సులో పర్లాకిమిడి పంపించెయ్యొచ్చు. అమ్మిన పాత సరుక్కీ అలాగే రాసేస్తే గొడవే ఉండదు.

“ఏటి మావా అలా సూస్తన్నావు? అందరూ సేస్తన్నదే.”

నా ఉద్యోగంలో దొంగ బిల్లులు చూశాను. వాటికి నోటీసులు రాశాను. కాని మా అమ్మాయి చేసిన జంతికలకి, నా ఎదట కూర్చుని, నాకే టీ ఇచ్చి, దొంగ బిల్లు రాద్దామనేవాణ్ణి చూడటం అదే మొదటిసారి. పళ్ళెంలో పెట్టిన జంతిక నోట్లో పెట్టుకోబుద్ధి కాలేదు. పక్కకి జరిపేశాను.

“భాగస్వామ్యంలో ఒకరు చేసిన పనికి మిగతావాళ్ళ ఇల్లూ వాకిలీ కూడా పూచీ,” అన్నాను మేనకోడలి వైపు తిరిగి.

“అంటే ఆ బిల్లు బావగారు రాసినా, పూచీ నాదా మావయ్యా?”

“నీది కూడా.”

“మరి ఆ బిల్లు రాయొద్దనే హక్కు?”

“దస్తావేజులో పెత్తనం ఆయనది.”

అది బల్ల మీది స్టాంపుని అన్నగారి వైపు జరిపింది. “అయితే నాకొద్దు బావగారూ. మూడో పేరు కొట్టించెయ్యండి. మీ ఫ్లెక్సీ మీరు ఉంచుకోండి. నా పొయ్యిలు నాకు ఉంటాయి.”

“ఒసే, ఇంట్లో పెద్దోళ్ళుండగా అదేం మాటే!” అన్నాడు భర్త, భయంగా.

“పెద్దోళ్ళు గాబట్టే గౌరవంగా సెప్తన్నాను. జంతికలు మీరు వండుకుంటారా? వండుకోండి. పిండి కూడా ఇచ్చెల్లిపోతాను.”

ఆ గదిలో పొయ్యి వెలిగించడం వచ్చిన మగవాడు లేడు.

విడిపోవడం తేలిగ్గా అవలేదు. దాటించిన సరుక్కి అసలు కట్టాల్సిన పన్ను, దాని మీద వడ్డీ, జరిమానా ఉన్నాయి. నిజం చెప్పి కట్టేద్దామంది మేనకోడలు. సంస్థ ఖాతాలో చూస్తే ఫ్లెక్సీలకీ, స్టాంపులకీ, కన్సల్టెంటుకీ పోగా ఏమీ మిగల్లేదు. అన్నగారు జేబు తడుముకుని ఊరుకున్నాడు. మిషను కోసం దాచుకున్నది తీసి మేనకోడలే కట్టింది. డైరీలో నేను రాసిన ‘రోత’ అది కట్టిన రోజుదే.

తరవాత దాని సొంత పేరున, సరుకు రాష్ట్రం దాటుతుందని ముందే రాసి, మామూలు పద్ధతిలో నమోదు చేయించాం. కన్సల్టెంటు వేరు, తీరు మాత్రం అదే. “సదవక్కర్లేదమ్మా, సంతకం పెట్టేయండి,” అన్నాడు. అది కుర్చీ లాక్కుని ప్రతి పేజీ చదివింది. అర్థం కానిచోట వేలు పెట్టి నన్ను అడిగింది. కన్సల్టెంటు విసుక్కుంటూ బయటికి వెళ్ళి టీ తాగొచ్చాడు. అప్పటికీ అది ముగించలేదు.

కిందటి నెల వెళ్ళినప్పుడు వంటపాకలో కూర్చున్నాను. నమోదు పత్రం నూనె మరకలు పడకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టి, పొయ్యి ఎదటి గోడకి కొట్టింది. నేను అక్కడ ఉండగానే అన్నగారు గుమ్మంలోకి వచ్చాడు. వాళ్ళమ్మాయి శుభలేఖ ఇచ్చాడు. పేరు కింద ‘మేనేజింగ్ పార్టనర్’ అని అచ్చువేయించుకున్నాడు. ఏ సంస్థకో అందులో లేదు. వెళ్ళబోతూ గోడవైపు చూశాడు.

“పొయ్యి కాడ ఎందుకమ్మా అది? ముందు వరండాలో పెడితే వచ్చినోళ్ళు సూస్తారు గదా.”

“యాపారం ఎక్కడ జరిగితే అక్కడే ఉండాలంట బావగారూ. ఇక్కడే జరగతన్నాది.”

మిషను ఇంకా రాలేదు. అది ఎడమ చేత్తో కుడి భుజం ఒకసారి నొక్కుకుని, గొట్టంలో పిండి కూరి, మరుగుతున్న నూనె మీదికి వంగింది.