వెలుతురు పట్టింపు కురుమూర్తన్న

మా గద్వాల కురుమూర్తన్నకు ఉన్నది ఒకటే జబ్బు. తెర మీద వెలుతురు తప్పుగా పడితే భరించలేడు. కథ ఏదైనా, హీరో ఎవరైనా ఆయనకు అనవసరం. ఫొటో స్టూడియో నడిపే మనిషి కదా అని కొన్నాళ్లు సర్దుకున్నాం. తరువాత ఆయనతో సినిమాకు వెళ్లాలంటేనే భయం పట్టుకుంది.

ఒకసారి వనపర్తిలో సినిమా చూస్తున్నాం. తెర మీద తల్లి చావుబతుకుల్లో ఉంది. హాలంతా ముక్కులు చీదుతోంది. కురుమూర్తన్న తల పట్టుకున్నాడు. ఈయన కూడా కరిగాడనుకున్నాను.

"గుడిసెల ఉన్నది ఒక్కటే బుడ్డిదీపం. ఆమె మొకం మీద గంత వెలుతురు యాడికెళ్లి వచ్చింది?"

"ఆమె సచ్చిపోతుందన్నా."

"సావనియ్యి. లైటు ఆర్పి సావనియ్యి."

ముందు వరసలోని పెద్దాయన తిరిగి చూసిన చూపుకు, ఇంటర్వెల్ దాకా ఆగకుండా బయటికి వచ్చేశాం.

మసక సినిమాలంటే ఇంకా కోపం. "టికెట్ కొన్నది రేడియో ఇనెటందుకా?" అని మేనేజర్‌ను నిలదీసేవాడు. పెబ్బేరులో ఒక పెళ్లికి ఫొటోలు తీయడానికి వెళ్లి, దండలు మార్చుకోబోతున్న జంటను ఆపి ఎండ వైపుకు తిప్పాడు. ముహూర్తం దాటిపోతోందని పురోహితుడు మొత్తుకున్నాడు.

"ముహూర్తం మళ్ల దొరుకుతది పంతులూ, గీ ఎండ దొరకది."

ఆ రోజు మాకు పెళ్లిభోజనం కూడా దొరకలేదు.

నిరుడు మా తమ్ముడు ప్రశాంత్ పోటీకి పంపాలని ఒక చిన్న సినిమా మొదలుపెట్టాడు. నేతపనివాళ్ల కథ. తల్లి వేషానికి మా వీధిలో చీరలు నేసే దేవమ్మను ఒప్పించాడు. ఆ సంగతి ఆమె చుట్టుపక్కల అందరికీ చెప్పుకుంది, బీచుపల్లి ఆంజనేయుడికి కూడా చెప్పుకుని వచ్చింది. ప్రశాంత్ పెద్ద పెద్ద లైట్లు అద్దెకు తెచ్చాడు. సాయానికి కురుమూర్తన్నను పిలిచాడు. నేను వద్దన్నాను, వినలేదు.

దేవమ్మ మగ్గం ముందు కూర్చుంది. లైట్లు వెలిగాయి. కాసేపటికే కురుమూర్తన్న లేచి వెళ్లి ప్లగ్గులు పీకేశాడు.

"ఇది ఇల్లా, పెండ్లి మండపమా? తలుపు తీసి పెట్టు, సాలు."

"అన్నా, ఏం కానరాదే. నా సినిమా ఆగమైతది." ప్రశాంత్ బతిమాలాడు.

"ఐతే కానీ."

తెల్ల దుప్పటి పట్టి ఎండనైనా ఆమె మీదికి మళ్లిద్దామని ప్రశాంత్ చూస్తే, దాన్నీ లాక్కుని, మడిచి, దాని మీదే కూర్చున్నాడు. తలుపులోంచి వచ్చిన కాస్త వెలుతురుతోనే సినిమా అయిందనిపించారు. ఏమీ కనబడటం లేదని పోటీవాళ్లు తిప్పి పంపారు. అప్పు చేసి తీసిన సినిమా కాదుగానీ, ఆశపడి తీసిన సినిమా. ప్రశాంత్ అన్నం మానేశాడు. నేను స్టూడియోకు వెళ్లి కురుమూర్తన్నను నానా మాటలూ అన్నాను. ఆయన తల వంచుకుని అన్నీ పడ్డాడు.

దేవమ్మకు ఏం చెప్పాలో తెలియకపోయినా, ఆమె ఇంటికి వెళ్లి జరిగిందంతా చెప్పాను.

"ఆ కురుమూర్తి తమ్మిని ఏమనకు," అందామె. "మొన్ననే కండ్ల ఆపరేషన్ అయింది నాకు. ఆ లైట్లేస్తే కండ్లల్ల కారం సల్లినట్లాయె. చెప్తే ఇంకొకామెను పెట్టుకుంటరని పండ్లు బిగబట్టి కూసున్న. నీళ్లు కారేది ఆయన చూసిండు. చెప్పకని చెయ్యి ఊపిన."

సంగతి వినగానే ప్రశాంత్ లేచి అన్నం తిన్నాడు. తరువాత తనే గోడకు తెల్లగుడ్డ కట్టి, వీధిలో అందరికీ సినిమా వేశాడు. తెరంతా మసకే. కురుమూర్తన్న ముందు వరసలో కూర్చుని, చేతిరుమాలు నోట్లో కుక్కుకుని, ఒక్క మాట అనకుండా చూశాడు. ఆయన పడే బాధ చూడలేక నేను పక్కకు తిరిగాను.

దేవమ్మ ఆయన భుజం తట్టి తెర వైపు వేలు చూపింది.

"అగో, ఆ మూలకు. నేనే గదా తమ్మీ?"

ఆమె చూపింది మగ్గం గుంజను.

కురుమూర్తన్న నోట్లోంచి రుమాలు తీశాడు. "నువ్వేనక్కా," అన్నాడు. "ఎంత సక్కగ పడ్డదో వెలుతురు."