బంతి కాదు, మనిషి

"నీళ్ళు తాగేటప్పుడు కూడానా?" అంది తొమ్మిదో నంబరు.

నేను మాట్లాడలేదు. ఎవరికో మోకాలికి దెబ్బ తగిలి ఆట ఆగింది. ఆ అమ్మాయి గీత దాటి వెళ్ళి బాటిల్ ఎత్తితే, నేనూ వెళ్ళి పక్కనే నిలబడ్డాను, చెయ్యి చాస్తే భుజం తగిలేంత దూరంలో. తను రెండు గుక్కలు తాగింది. నాకూ నాలుక పిడచకట్టుకుపోయింది కాబట్టి వాళ్ళ బాటిలే ఇంకొకటి ఎత్తి నేనూ తాగాను. కళ్ళు మాత్రం ఆమె నడుం మీదే ఉన్నాయి.

"మా నాన్న కూడా ఇంత కాపలా కాయడు తల్లీ," అని మూతి తుడుచుకుంది. "బంతి అటుంది. పోయి ఆడుకో. నేనెక్కడికీ పారిపోను."

"పారిపోతే నేనూ వస్తా."

నవ్వింది. విజిల్ పడగానే, ఆ నవ్వు మొహం మీద ఉండగానే ఎడమవైపుకి దూకింది. నేను అప్పటికే దూకి ఉన్నాను.

అది హనుమాన్ జంక్షన్ దగ్గర ఒక స్కూలు గ్రౌండు. అమ్మాయిల హాకీ, జిల్లా జట్టుకి సెలక్షన్లు. పక్కన హైవే మీద లారీలు పోతుంటే విజిల్ కూడా సరిగ్గా వినపడేది కాదు. మేం నూజివీడు వైపు జట్టు. వాళ్ళు ఉంగుటూరు వైపు నుంచి వచ్చారు. అందరం ఒక్క మ్యాచ్ ఆడతాం, శామియానా కింద కూర్చున్న సెలక్టర్లు చూస్తారు, సాయంత్రం మైకులో పేర్లు చదువుతారు. పేరు చదివితే స్పోర్ట్స్ హాస్టల్లో సీటు, డిగ్రీ. చదవకపోతే నాకు ఇంటర్‌తో సరి. మా అమ్మ ముందే చెప్పేసింది. "సీటొస్తే చదువుకో, ఎవరు కాదన్నారు? రాకపోతే నాతో తోటకొచ్చెయ్. మధ్యలో ఊగద్దు." మా అమ్మ మామిడి తోటల్లో కూలికి వెళ్తుంది. ఆవిడ మాట అంతే, ముక్కుసూటి.

నేను మామూలుగా ఆడేది మధ్యలో, సెంటర్ హాఫ్. ఆ చోటు నాకెలా వచ్చిందో చెప్పాలి.

మా పీఈటీ సార్ బోర్డు మీద గీసే రకం కాదు. మా స్కూలు గ్రౌండు వెనకే మామిడి తోట. గాలికి రాలిన పిందెలు ఏరుకు రమ్మని మమ్మల్ని పంపి, వాటిని దుమ్ములో పేర్చేవారు. కొబ్బరి చిప్ప ఒకటి గోల్‌కీపర్. "ఇదిగో, ముందు అయిదుగురు, మధ్యలో ముగ్గురు, వెనక ఇద్దరు. ఇది మా చిన్నప్పటి ఆట. అందరూ గోలు కొట్టేవాళ్ళే, ఆపేవాడు లేడు." అని చేత్తో అంతా తుడిచేసి, మళ్ళీ పేర్చేవారు. వెనక నలుగురు, మధ్యలో ముగ్గురు, ముందు ముగ్గురు. ఆ మధ్య ముగ్గురిలో నడిమి పిందె మీద వేలు పెట్టి నావైపు చూశారు ఒకరోజు. "వెనక నుంచి బంతి ముందుకి పోవాలంటే ఈ పిందె మీదుగానే పోవాలి. ఇది నిద్రపోతే జట్టు రెండు ముక్కలు."

క్లాసు అయ్యాక ఆ జట్టునంతా కడిగి ఉప్పూ కారం అద్దుకుని తినేసేవాళ్ళం. లెఫ్ట్ బ్యాక్‌ని లెఫ్ట్ బ్యాకే తినాలన్న రూలేం లేదు. కానీ నడిమి పిందెని మాత్రం నేనెవరికీ ఇచ్చేదాన్ని కాదు.

నాకా చోటు ఎందుకంత ఇష్టమంటే, అక్కడ నోరు మూసుకోనక్కర్లేదు. ఇంట్లో నన్ను వాగుడుకాయ అంటారు. గ్రౌండులో అదే పనికొచ్చింది. "కుడికెయ్! వెనక ఉంది చూస్కో! వదిలెయ్, అది అవుట్!" అని అరుస్తూనే ఉండాలి. నేను అరిస్తే పదిమంది కదిలేవాళ్ళు. నేనొక మాట అంటే ఎవరైనా కదలడం జీవితంలో అదే మొదలు. ఇప్పటివరకూ అదే ఆఖరు కూడా.

సెలక్షన్ రోజు పొద్దున సార్ పిందెలకి బదులు గులకరాళ్ళు పేర్చారు. పిందెలు లేవు, అప్పటికే రసాల కోతలు మొదలయ్యాయి. నాలుగు, మూడు, మూడు పెట్టారు. తర్వాత నడిమి రాయిని తీసి అవతలి జట్టు వరసలోకి తోసి, అక్కడున్న ఒక రాయికి ఆనించారు.

"ఇది నువ్వు. అది వాళ్ళ తొమ్మిదో నంబరు."

"మరి మధ్యలో ఎవరు సార్?"

"ఎవరో ఒకరు సర్దుకుంటార్లే. విను. వాళ్ళకి ఆటంతా ఆ పిల్లే. ఆ పిల్లని నువ్వు పట్టుకుంటే వాళ్ళు పదిమంది, మనం పదిమంది. పదికి పదైతే మనమే మెరుగు. గెలుస్తాం."

లెక్క బాగానే ఉంది. ఆ పదిమందిలో నేను లేనన్నది ఒక్కటే అందులో ఇబ్బంది.

"సెలక్టర్లు చూస్తారు కద సార్. నేను బంతి ముట్టుకోకపోతే..."

"నేనున్నానుగా! నీ సంగతి వాళ్ళకి నేను చెప్తా. ఈ పని ఇంకెవత్తెకిచ్చినా పావుగంటలో బంతెనక పడిపోద్ది. నువ్వైతే చెప్పింది చేస్తావు." అని ఎలా చెయ్యాలో చెప్పారు. బంతి చూడొద్దు, ఆ పిల్ల కళ్ళు కూడా చూడొద్దు, కళ్ళు మోసం చేస్తాయి. నడుం చూడు, నడుం ఎటు తిరిగితే మనిషి అటే. చెయ్యి చాచినంత దూరం దాటొద్దు. ఆ పిల్ల ఆగితే ఆగు, పరిగెడితే పరిగెత్తు, నీళ్ళు తాగితే నీళ్ళు తాగు. మాట్లాడకు.

అలా నన్ను మధ్యలోంచి తీసి, నోరు కూడా మూయించారు.

ఎండ మండిపోతోంది. కిందంతా ఎర్రమట్టి. తొమ్మిదో నంబరు నిజంగా మంచి ఆటగత్తె, అది ఆమె వెంట తిరిగినదానిగా నాకే బాగా తెలుసు. బంతి కోసం వెనక్కి వచ్చేది, పక్కకి పోయేది, షూ లేసు ఊడినట్టు కూర్చునేది. ఒకసారి అంపైర్ చుట్టూ తిరిగింది, నేనూ తిరిగాను. ఆ అంపైర్‌గారు, "ఏంటమ్మా ఇది, గుడి ప్రదక్షిణా?" అన్నారు. ఆమె జట్టువాళ్ళు బంతి అందుకుని తలెత్తి చూసేవాళ్ళు, ఆమె పక్కన నా కర్ర కనపడేది, ఇంకెటో కొట్టేసేవాళ్ళు. అలా కొట్టినవన్నీ మావాళ్ళకే దొరికాయి. సార్ చెప్పింది చెప్పినట్టు జరిగింది. నా చోట్లో ఆడిన అమ్మాయి చాలా బాగా ఆడింది. ఎందుకాడదు, అడ్డమొచ్చే మనిషిని నేను పక్కన పెట్టుకుని తిరుగుతుంటే!

రెండో సగంలో అది జరిగింది.

వాళ్ళ బ్యాక్ కొట్టిన బంతి ఎవరికో తగిలి, మెల్లగా దొర్లుకుంటూ సరిగ్గా నా కాళ్ళ ముందుకొచ్చింది. ఎదురుగా ఎవరూ లేరు. కొంచెం దూరంలో డి, అంటే గోలు ముందు గీసే అర్ధచంద్రం గీత. దాని వెనక గోల్‌కీపర్ ఒక్కతే. శామియానా కూడా అటువైపే. నల్ల కళ్ళద్దాల సెలక్టర్ మజ్జిగ గ్లాసు దించి అటే చూస్తున్నాడు. నాకింకా గుర్తే, బంతి మీద కుట్టులాంటి గీతలో ఎర్రమట్టి ఇరుక్కుని ఉంది. అంత దగ్గరగా చూశాను. కర్ర దానంతటదే కిందికి వాలింది.

"బంతి కాదు!" గీత అవతల నుంచి సార్ గొంతు. "మనిషి! మనిషి!"

తొమ్మిదో నంబరు నడుం కుడికి తిరిగింది. నేనూ తిరిగాను.

వెనక నుంచి మా సెంటర్ ఫార్వర్డ్ దూసుకొచ్చి ఆ బంతి అందుకుంది. డి లోకి వెళ్ళి కొట్టింది. గోలు. మావాళ్ళంతా ఎగిరారు, ఆ పిల్లని ఎత్తుకున్నారు. నేను ఎగరలేదు. తొమ్మిదో నంబరు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది, నేను పక్కన నిలబడ్డాను.

"దాన్నెందుకొదిలేశావ్?" అంది ఆ అమ్మాయి. నిజంగా అర్థంకాక అడిగింది.

మ్యాచ్ మేమే గెలిచాం, ఆ ఒక్క గోలుతో.

సాయంత్రం మైకులో పేర్లు చదివారు. మొట్టమొదటి పేరు తొమ్మిదో నంబరుది. "ఇవాళ ఎందుకో సరిగ్గా ఆడలేదు, ఒంట్లో బాలేదేమో. పిల్ల ఆట మాకు తెలిసిందే," అన్నారు నల్ల కళ్ళద్దాలాయన, మైకులోనే. ఎందుకో ఆడలేదంట! నేనక్కడే, ఆమెకి చెయ్యి చాచినంత దూరంలో ఉన్నాను, అలవాటు పోక. తర్వాత మా సెంటర్ ఫార్వర్డ్ పేరు. తర్వాత నా చోట్లో ఆడిన అమ్మాయి పేరు. ఇంకా ఎవరెవరివో. మైకు కట్టేశారు.

నేను నేరుగా శామియానా కిందికి వెళ్ళాను. సార్ అక్కడే ఉన్నారు, ప్లేట్లో అరటిపండు పట్టుకుని.

"ఏమ్మా?" అన్నారు నల్ల కళ్ళద్దాలాయన.

"నా పేరు రాలేదండి."

"నువ్వు ఏ పొజిషన్?"

"మార్కింగ్ అండి. తొమ్మిదో నంబరుని."

ఆయన పక్కాయన వైపు చూశారు. "ఈ అమ్మాయి ఆడిందా ఇవాళ? బంతి ముట్టుకున్నట్టు లేదే." తర్వాత సార్ వైపు తిరిగారు. "మీ పిల్లేనా అండీ?"

నేను సార్‌ని చూశాను. ఇదే కదా సమయం. 'ఆ పిల్లకి ఒంట్లో బాగానే ఉందండీ, ఈ పిల్లే ఆడనివ్వలేదు' అని ఒక్క ముక్క చాలు. సార్ అరటిపండు తొక్క వలుస్తున్నారు, చాలా జాగ్రత్తగా, అదేదో పగిలిపోయేదైనట్టు.

"మా పిల్లేనండి," అన్నారు. "మంచి డిసిప్లిన్ ఉన్న పిల్లండి."

"ఆఁ, డిసిప్లిన్ ముఖ్యం," అన్నారు వాళ్ళు. అయిపోయింది.

తర్వాత తెలిసింది, మంచి టీమ్‌ని తయారుచేశారని సార్‌ని జిల్లా జట్టుకి అసిస్టెంట్ కోచ్‌గా వేశారట. ఎత్తు ఫలించింది. అది నిజంగా మంచి ఎత్తే, కాదనను. ఇప్పుడు నేను ప్యాకింగ్ షెడ్డులో కాయలు సైజులవారీగా ఏరుతుంటాను. మధ్యాహ్నం అన్నాలప్పుడు ఎవరైనా ఫోన్లో హాకీ పెడితే అందరూ బంతినే చూస్తారు, గోలు పడితే చప్పట్లు కొడతారు. నాకు మాత్రం స్క్రీన్‌లో ఒక మూల, బంతికి దూరంగా, ఒకరి పక్కన ఊరికే నిలబడి ఉన్న మనిషే కనపడుతుంది. కెమెరా ఆ మనిషిని ఒక్కసారీ దగ్గరగా చూపించదు. నేను ఫోను తిరిగిచ్చేస్తాను.

ఆ సాయంత్రం ఆటో ఎక్కబోతుంటే తొమ్మిదో నంబరు వచ్చింది.

"నీ పేరెందుకు రాలేదు?"

"ఏమో. ఒంట్లో బాలేదేమో నాకు."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "నన్నిట్టా ఎవ్వరూ ఆపలా ఇప్పటిదాకా. నేను చెప్పనా పోయి?" అంది.

"నువ్వు చెప్తే ఏం లాభం? చెప్పాల్సినాయన అరటిపండు తింటున్నాడు."

ఇంటికెళ్ళేసరికి అమ్మ వాకిట్లో కూర్చుని చేతులకి కొబ్బరినూనె రాసుకుంటోంది. కోతల్లో కాయ తొడిమె నుంచి చిమ్మే సొన పడి మణికట్ల దగ్గర నల్లగా కాలి ఉంది.

"వచ్చిందా?"

"గెలిచామమ్మా."

"అది కాదే నేనడిగింది."

నేను షూ విప్పుతూ కూర్చున్నాను. ఆ షూ మా సెంటర్ ఫార్వర్డ్ తను వాడి ఇచ్చినవి. అమ్మ కోతకి పోతున్నది వాళ్ళ తోటకే. ఆ పిల్లమీద నాకేం కోపం లేదు. ఖాళీగా దొరికిన బంతిని ఎవరైనా కొడతారు.

అమ్మ తిట్టలేదు, ఓదార్చనూ లేదు. "సరే. పొద్దున్నే కోతుంది. కాయ తెంపే చిక్కం గెడ పట్టేవాళ్ళు తక్కువయ్యారు, వచ్చెయ్," అంది.

"ఎల్లుండి నుంచి వస్తా."

"రేపేం?"

"రేపు పనుంది."

పొద్దున్నే జడేసుకుని, ఆ జెర్సీయే మళ్ళీ తొడుక్కుని, కర్ర ఇంట్లోనే వదిలి, మా సెంటర్లో టీ కొట్టుకి వెళ్ళాను. సార్ రోజూ అక్కడే పేపర్ చదువుతారు. ఆయన ఎడమ భుజం వెనక, చెయ్యి చాచినంత దూరంలో నిలబడ్డాను.

"ఏంటమ్మా, ఇంత పొద్దున్నే?"

నేను మాట్లాడలేదు. ఆయన నడుం చూస్తున్నాను.

ఆయన బల్ల అటు చివరికి జరిగారు. నేనూ జరిగాను. పేపర్ మడిచి పాన్ కొట్టు దాకా వెళ్ళారు, వెనక్కి వచ్చారు. నేనూ వెళ్ళాను, వచ్చాను. బెంచీ మీదున్న ఒక పెద్దాయన, "ఏంటి మాస్టారూ, ఈ అమ్మాయి మీ నీడలాగా తిరుగుతుంది?" అన్నాడు. ఇంకెవరో నవ్వారు. సార్ నవ్వబోయి నా మొహం చూసి ఆపేశారు.

"చెప్దామనే అనుకున్నానమ్మా. సందర్భం రాలేదు," అన్నారు మెల్లగా, నాకొక్కదానికే వినపడేలా.

నేను మాట్లాడలేదు.

ఆయన మెడ తుడుచుకుంటూ కొట్టు పక్కనున్న కుండ దగ్గరికి వెళ్ళి ఒక గ్లాసు నీళ్ళు ముంచుకున్నారు. ఆయన తాగేదాకా ఆగి, ఇంకో గ్లాసు తీసుకుని నేనూ ముంచుకుని తాగాను.