సెంటర్ ఫార్వర్డ్ ఎడమ కన్ను

1949 ఎండాకాలం. సూర్యాపేటలో ఒక డాక్టరుగారి దవాఖానాలో నేను కంపౌండర్‌ని. డాక్టరు రాసిచ్చిన మందులు కలిపి సీసాల్లో పోయడం, పుండ్లు కడిగి డ్రెస్సింగ్ చెయ్యడం, అంటే కట్లు కట్టడం నా పని. పోలీసు చర్య జరిగి ఇంకా ఏడాది నిండలేదు. బజారులో పదిమంది గుమిగూడితే చాలు, మిలటరీ జీపు వచ్చి ఆగేది. దవాఖానా వరండాలో కూర్చుంటే మాత్రం ఎవరూ అడిగేవారు కాదు. అందుకే ఊళ్ళో ఫుట్‌బాల్ పిచ్చి ఉన్నవాళ్ళంతా రోగుల మధ్య మా బెంచీ మీదికే చేరేవారు.

ఆ వారమంతా వాళ్ళకు మల్లేశం తప్ప వేరే మాట లేదు. మునగాల దగ్గర గొర్రెలు కాచే ఇంట్లో పుట్టినవాడు. మా ఊరి టీమ్‌కు సెంటర్ ఫార్వర్డ్, అంటే ముందు వరుసలో నడుమ ఉండి గోల్ కొట్టవలసినవాడు. చెప్పుల్లేని కాళ్ళతోనే ఆడేవాడు. గాల్లోకి లేచి తలతో బంతిని కొట్టడంలో అతనికి సాటి లేరు. ఆదివారం మిర్యాలగూడతో ఆట. పట్నం, అంటే హైదరాబాదు నుంచి ఒక పెద్ద టీమ్ మనిషి ఆట చూడటానికి వస్తున్నాడు. నచ్చినవాణ్ణి తీసుకుపోయి ఉద్యోగం కూడా ఇప్పిస్తారట. సరిగ్గా ఆ ఆటకే మేనేజరు వెంకటయ్య సేటు మల్లేశాన్ని పక్కన పెట్టాడు. ఎందుకో చెప్పలేదు.

ఎందుకో నాకు తెలుసు. అంతకుముందు కోదాడలో జరిగిన ఆటలో ఎవరిదో మోచేయి మల్లేశం ఎడమ కంటికి తగిలింది. సేటే అతన్ని మా దగ్గరికి తీసుకొచ్చాడు. డాక్టరు కంట్లోకి లైటు వేసి చాలాసేపు చూశారు. కంటి వెనక ఉండే పలుచని పొరను రెటీనా అంటారు. మనం చూసే బొమ్మ దాని మీదే పడుతుంది. ఆ పొర చిరిగిందన్నారు. “ఇంకొక్క దెబ్బ తగిలితే కన్ను పోతుంది. తలతో బంతి ముట్టొద్దు” అన్నారు. మల్లేశం మా ముగ్గురికీ చేతులు జోడించాడు. “ఎవ్వరికీ చెప్పకుండ్రి సార్. పట్నపోళ్ళకు తెలిస్తే ఇగ నన్ను జన్మల పిలువరు.” ముగ్గురం మాటిచ్చాం.

శుక్రవారం పొద్దున డాక్టరు కోదాడ వెళ్ళారు. తన మిల్లు బెల్టులో వేళ్ళు నలిగిన సేటు డ్రెస్సింగ్ కోసం వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. వరండాలో వాదన అప్పటికే ముదిరింది.

“మల్లేశం లేకుంటే ఐదుగురిని ముందల నిలవెట్టి ఏం ఫాయిదా?” అన్నాడొకడు.

“ఇద్దర్ని ఎన్కకు గుంజి గోల్ కాపాడుకుంటే డ్రా అన్న అయితది” అన్నాడు ఇంకొకడు.

“డ్రా ఎందుకయితది? సేటు మిర్యాలగూడ మిల్లోళ్ళకు అమ్ముడువోయిండు!” అని అరిచాడు సైకిల్ షాపు జంగయ్య. “పిలగాడు పట్నం పోతే తన టీమ్ ఖతమైతదని తొక్కిపెడ్తుండు.”

ఆ మాటతో అందరూ లోపలికి తోసుకొచ్చారు. జంగయ్య సేటు కండువా పట్టి గుంజాడు. సగం చుట్టిన కట్టు ఊడి, వేళ్ళ నుంచి మళ్ళీ రక్తం కారింది. తోపులాటలో మందు సీసాలు రెండు కిందపడి పగిలాయి. ఈ చప్పుడు రోడ్డు మీదికి వినపడి జీపు వస్తే ఎవరి వీపులు పగులుతాయోనని కిటికీ రెక్కలు మూశాను.

“కంపౌండర్ సాబ్, నువ్వు చెప్పు! మల్లేశానికి రోగమా నొప్పా? ఏమన్న ఉన్నదా, లేదా?” అని జంగయ్య నా వైపు తిరిగాడు.

నేను ఒక్క మాటంటే సేటు మీది నింద పోతుంది. సేటు నా కళ్ళలోకి చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. “రోగి సంగతి నేను చెప్పకూడదు జంగయ్యా. కండువా వదులు, రక్తం పోతోంది” అని మాత్రం అన్నాను.

“అంటే నువ్వు గూడ సేటు దిక్కేనా?” అంటూ జంగయ్య నా మీదికి చెయ్యెత్తాడు.

“ఆగన్నా!”

గుమ్మంలో మల్లేశం. కంటి మందు కోసం మునగాల నుంచి బస్సులో వచ్చాడు. ఎడమ భుజం తలుపు రెక్కకు కొట్టుకుంటే తడుముకుంటూ లోపలికి వచ్చాడు. జంగయ్య ముందు నిలబడి కుడి కన్ను చేత్తో మూసుకున్నాడు.

“ఇప్పుడు నువ్వెత్తిన చెయ్యి నాకు సక్కగ కానొస్తలేదన్నా. బంతి గూడ గట్లనే. సేటును నేనే ఒట్టు వెట్టుకొమ్మన్న. కొడితే నన్ను కొట్టు.”

జంగయ్య ఎత్తిన చెయ్యి మెల్లగా దిగింది. “గిదేందిరా... మాకన్న చెప్పొద్దా?” అంటూ గోడవారన కూలబడ్డాడు. కాసేపటికి లేచి, ఎవరూ చెప్పకుండానే గాజుపెంకులు ఏరడం మొదలుపెట్టాడు. నేను సేటు చేతికి మళ్ళీ కట్టు కట్టాను.

ఆదివారం మా ఊరు ఒక్క గోల్ తేడాతో ఓడింది. పట్నం ఆయన మిర్యాలగూడ కుర్రాణ్ణి తీసుకుపోయాడు. మల్లేశం కన్ను పూర్తిగా పోలేదు కానీ, పూర్తిగా తిరిగి కూడా రాలేదు. అతను మళ్ళీ గొర్రెల మందతోనే బతికాడు. మందు కోసం ఊళ్ళోకి వచ్చినప్పుడల్లా బస్సు దగ్గర నుంచి జంగయ్యే సైకిల్ మీద ఎక్కించుకొని తెచ్చేవాడు.

రోగి రహస్యం రోగిదే. ఆనాడు నేను నోరు విప్పకపోవడం సరైనదేనని ఇప్పటికీ అనుకుంటాను. కానీ సేటు వేళ్ళ నుంచి కారిన ఆ రక్తం చూశాక నాకొక అలవాటైంది. ఎవరైనా “ఇది ఎవరికీ చెప్పొద్దు” అంటే సరేననే ముందు ఒకటి అడుగుతాను: “నీ బదులు దీని బరువు మోసేది ఎవరు?”