హెలికాప్టరూ, ఒంటికాలి లాగూ

దేశంలోని మూఢనమ్మకాలన్నీ నా ఉపన్యాసాలకు జడిసి పారిపోతాయని నేను నమ్మిన రోజులవి. (అది కూడా ఒక నమ్మకమేనని చెప్పేవాళ్ళు అప్పట్లో జహీరాబాదులో దొరకలేదు.) డెబ్బయ్యో దశకం చివర్లో అక్కడి తహసీలు ఆఫీసులో గుమాస్తాగా చేరాను. ఇరవై మూడేళ్ళు, కొత్త మీసం. మా హేతువాద సంఘానికి అధ్యక్షుణ్ణీ నేనే, కార్యదర్శినీ నేనే. సభ్యుడొకడు ఉండేవాడు గానీ, వాళ్ళమ్మ మొక్కు తీర్చడానికి వెళ్ళి గుండుతో తిరిగొచ్చాక మొహం చాటేశాడు. నా ప్రధాన శత్రువు మా పేష్కారు గారు, ఆఫీసులో తహసీల్దారు తర్వాత ఆయనే. ముహూర్తం చూడందే కలం మూత తియ్యని మనిషి. నిజానికి మంచివాడు. నాకు జ్వరమొస్తే ఇంటి నుంచి జావ పంపేవాడు. ఆ జావ తాగి లేచి, మళ్ళీ ఆయన మీదే ఉపన్యాసమిచ్చేవాణ్ణి.

ఒక వైశాఖంలో, శంకుస్థాపనకు మంత్రిగారు హెలికాప్టరులో వస్తున్నారని కబురొచ్చింది. మైదానంలో సున్నంతో వలయం గీయాలి. గాలి ఎటు వీస్తోందో పైనుంచి కనపడేలా ఒక గుడ్డ గొట్టం కంబానికి కట్టాలి. పైనుంచి వచ్చిన ఇంగ్లీషు కాగితం చదివి అర్థం చెప్పినందుకు ఆ పని నా నెత్తినే పడింది. దర్జీ ఎర్రగుడ్డతో గొట్టం కుట్టిచ్చాడు. పేష్కారు గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏమయ్యా నాస్తికా, ఒంటికాలి లాగు ఎవలికి కుట్టించినవు?" అన్నారు. ఆఫీసంతా నవ్వింది. ఆ రోజు నుంచి దాని పేరు లాగే.

"లాగు ముచ్చట ఇడిసిపెట్టు," అన్నారాయన. "మంత్రిగారు తూర్పు మొకాన దిగాలె. పంచాంగం జూసిన."

"హెలికాప్టర్ పంచాంగం జూడదు సాబ్, గాలికి ఎదురుంగ దిగుతది. గీ నెలల మనకు పడమటి గాలి. పడమటికే దిగుతది."

"తూర్పుకు దిగితే?"

"వలయం నడుమ, అందరి ముందట కొబ్బరికాయ కొడ్త."

"పడమటికి దిగితే నా పంచాంగం పొయ్యిల పెడ్త, పో!"

నా జీవితంలో మొదటి నిజమైన చర్చావేదిక దొరికినట్టయింది. తీరా కంబం నాటాక లాగు నా మాట వినలేదు. గాలి వీస్తే కంబానికి చుట్టుకునేది, ఆగితే వేలాడేది. మర్నాడు అధికారులొస్తారు, అందంగా కనపడాలి. పడమటి గాలికి దాని కొస తూర్పుకే కదా తిరగాలి! లోపల వెదురు బద్ద దూర్చి, కొస తూర్పుకు చూసేలా సుతిలితో బిగించి కట్టేశాను. (రుజువేదీ అని ఊరందరినీ నిలదీసేవాణ్ణి; నా రుజువును మాత్రం ముందురోజే తాడేసి కట్టుకున్నాను.)

మర్నాడు పొద్దున నుంచీ నేను రాసిచ్చినట్టే పడమటి గాలి వీచింది. మధ్యాహ్నం మూడింటికి తూర్పున నల్లగా మబ్బు లేచింది. అప్పుడే వైర్‌లెస్ పెట్టె దగ్గరి పోలీసు జవాను నన్నే విమానాశ్రయం టవర్ని చేసి కేకేశాడు: "టవర్ సార్! సదాశివపేట దాటిన్రట. గాలి ఎటు దిక్కు నుంచి వస్తుందో చెప్పుమంటున్రు."

లాగు వంక చూసి, "పడమటి నుంచి!" అన్నాను.

మైదానం అంచున పొయ్యి పెట్టుకుని మిర్చి బజ్జీలమ్మే అవ్వ కళ్ళు తుడుచుకుంటూ అరిచింది: "ఓ పిలగా! పొద్దుగాల సంది పొగ అటు వోయింది, గిప్పుడు మళ్ళి నా మొకం మీదికే వస్తున్నది. నీ లాగేంది, గట్లనే ఉన్నది? దానికి గాలి తాకుతలేదా?"

"నువ్వు మిర్చీలు జూసుకో అవ్వా!"

"ఏందిరా జూసుకునేది? ఝరాసంగంల నలభై ఏండ్లు జొన్నలు తూర్పార వట్టిన. నాకు జెప్తవా గాలి ముచ్చట?"

పొగ నిజంగానే తిరిగింది. షామియానా పడమటికి ఉబ్బింది. లాగు మాత్రం కదలకుండా, నా పక్షాన, తూర్పుకే చూస్తోంది. వెనక నుంచి గాలి తోస్తుండగా దిగితే హెలికాప్టరు పట్టుతప్పుతుందని ఆ కాగితంలోనే ఉంది. లోపల మనుషులున్నారు. వదిలేస్తే నా పందెం నిలుస్తుంది, వాళ్ళ సంగతి చెప్పలేం. అబద్ధమెందుకు, ఆ మాత్రం స్పష్టంగా తెలిశాక కూడా అర నిమిషం ఆలోచించాను. మోత వినిపించింది. అవ్వ చేతిలోని ఉల్లిగడ్డలు కోసే కత్తి లాక్కుని, "తూర్పు నుంచని చెప్పు జవాన్!" అని అరుస్తూ కంబమెక్కాను. ప్యాంటు మోకాలి దగ్గర చిరిగింది. సుతిలి తెగగానే లాగు నా చెంప మీద ఒక్కటిచ్చి గిర్రున పడమటికి తిరిగింది. హెలికాప్టరు మా నెత్తుల మీదుగా చిరాగ్‌పల్లి వైపు పోయి, వెనక్కి మళ్ళి వచ్చి, ఎదురుగాలిలో నెమ్మదిగా దిగింది. శుద్ధ తూర్పు ముఖం.

పేష్కారు గారికి పట్టపగ్గాల్లేవు. "జూసిన్రా! నాస్తికుడు కంబమెక్కి లాగుకు మొక్కిండు, గప్పుడు హెలికాప్టర్ మళ్ళింది!" కింద నుంచి చూసినవాళ్ళందరికీ అలాగే కనపడిందట. అది గాలి మారడం వల్లేనని చెప్పబోయాను. మరి కంబం ఎందుకెక్కావని అడుగుతారు. సుతిలి సంగతి చెప్పాలి. కలెక్టరు పది అడుగుల దూరంలో ఉన్నారు. నోరు విప్పితే సైన్సు నిలబడుతుంది, ఉద్యోగం ఊడుతుంది. మంత్రిగారి బృందం సభకు నడిచాక వలయం నడుమ కొబ్బరికాయ కొట్టాను. అదీ మూడు దెబ్బలకు గానీ పగల్లేదు. "ఎన్నడన్న కొట్టినోడైతే గద!" అంటూ అవ్వ, ఒక చిప్ప పచ్చడికని పట్టుకుపోయింది.

ఆ తర్వాత నలభై ఏళ్ళుగా రాస్తూనే ఉన్నాను, వాదిస్తూనే ఉన్నాను. ఈమధ్య సభల్లో ఎవరైనా కుర్రవాడు లేచి నేను చెప్పింది తప్పని రుజువు చూపిస్తే, అతనిది తొందరపాటని తేల్చేసి మంచినీళ్ళు తాగుతాను. అతను చెప్పిందే నిజమని లోపల తెలుస్తూనే ఉంటుంది. ఇంటికొచ్చాక, ఓడిపోవడానికి అంత హడావిడిగా కంబమెక్కిన ఆ ఇరవై మూడేళ్ళవాడు గుర్తొస్తాడు. నవ్వొస్తుంది. వాణ్ణి చూస్తే కొంచెం కుళ్ళుగా కూడా ఉంటుంది.